చిన్నక్షరాలు చదివే కన్ను

మా ఆయన కళ్ళకు ఏ జబ్బూ లేదని చెప్పేవాళ్ళు మా వీధిలో, మా చర్చిలో, ఆయన ఆఫీసులో కోకొల్లలు. ఉందని చెప్పేవాళ్ళం ఇద్దరమే. ఒకరు కళ్ళ డాక్టరు, రెండోదాన్ని నేను. ఓట్లు వేసి తేల్చే సంగతైతే ఏనాడో డిపాజిట్ పోగొట్టుకునేదాన్ని.

అందరి దగ్గరా ఉన్న రుజువు ఒక్కటే. అరవైకి దగ్గర పడుతున్న మనిషి కళ్ళద్దాలు లేకుండా చిన్నక్షరాల బైబిలు చదువుతాడు. ఖమ్మం ఖానాపురం హవేలిలో మా చర్చికి వచ్చే మగవాళ్ళలో సగం మంది నలభై దాటగానే పుస్తకాన్ని చేయి చాచినంత దూరం పట్టుకుని, చేయి చాలక అవస్థ పడుతుంటారు. ఈయన మాత్రం ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని, ఒక్క తడబాటు లేకుండా వాక్యం చదువుతాడు. చదివి కూర్చునేటప్పుడు అద్దాలవాళ్ళ వైపు ఒక చూపు చూస్తాడు. ఆ చూపు దేవుడు క్షమిస్తాడేమో గానీ నేను క్షమించను.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఏటా బోర్డు మీద పెద్ద గుండ్రం గీసి కన్ను పాఠం మొదలుపెడతాను. ముందు కార్నియా, దాని వెనుక కంటిపాప, ఆ వెనుక కటకం, అడుగున రెటీనా, అక్కడి నుంచి మెదడుకు పోయే దృక్‌నాడి. పిల్లలు బాణాలు గీసి పేర్లు రాసుకుంటారు, పరీక్షలో మార్కులు తెచ్చుకుంటారు. చదువురాని వాళ్ళకు కూడా ఆ బొమ్మ చూపించి ఒప్పించగలనని నా నమ్మకం. ఒప్పించలేకపోయింది నా మొగుణ్ణి ఒక్కణ్ణే.

జబ్బు బయటపడటం కూడా విచిత్రంగానే జరిగింది. మా చర్చివాళ్ళు భద్రాచలంలో కంటి శిబిరం పెట్టారు. అవతలి అడవి పల్లెల నుంచి జనం ఆటోల్లో, బస్సుల్లో వచ్చారు. శుక్లాలు ముదిరి కంటిపాప తెల్లబడ్డ ముసలివాళ్ళు, తునికాకు కోస్తుంటే పుల్ల గుచ్చుకున్న ఆడవాళ్ళు, కంట్లో వడ్లగింజ పడి పుండు పడ్డ కూలీలు. అంతా వరసలో బాగానే నిలబడ్డారు. కంటి ప్రెషర్ చూసే మిషను దగ్గరికి వచ్చేసరికి వరస ఆగిపోయింది. అది కంట్లోకి పుసుక్కున గాలి కొడుతుంది. మొదట కూర్చున్న ముసలమ్మ ఒక్క గాలికే ఎగిరిపడి, వాళ్ళ భాషలో ఏదో అరిచి, చీర దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ మిషను కన్ను పీకుతుందన్న మాట వరస చివరిదాకా పాకింది.

మా ఆయనకు హుషారు పుట్టింది. మనిషి ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా గానీ, నలుగురు చూస్తుంటే నాయకుడైపోతాడు.

"ఏందమ్మా, గాలికే భయపడ్తరా? ఇగో, ముందుగాల నాకు కొట్టమనండి. చూడుండ్రి!" అని మిషను ముందు గడ్డం ఆనించి కూర్చున్నాడు.

టెక్నీషియన్ గాలి కొట్టింది. అంకె చూసింది. మళ్ళీ కొట్టింది. రెండో కంటికి కొట్టింది. మళ్ళీ మొదటి కంటికి వచ్చింది. ఈయన ప్రతిసారీ జనం వైపు తిరిగి నవ్వుతున్నాడు. అదంతా ప్రదర్శనలో భాగమనుకున్నాడు. చివరికి డాక్టరమ్మ లేచి వచ్చి తనే చూసి, "సార్, మీరు పోకండి. అక్కడ పక్కన కూర్చోండి" అంది.

వరసలో ఉన్న ఒకాయన గట్టిగానే అన్నాడు, "సారునే పట్టుకున్నరు, ఇగ మనల్ని ఇడుస్తరా?" కళ్ళు మూసి తెరిచేలోగా సగం వరస బస్టాండు దారి పట్టింది.

ఖమ్మం వచ్చే బస్సులో ఈయన తీర్పు చెప్పేశాడు. "మిషను కరాబైంది. పొద్దటినుంచి ఎండల పెట్టిండ్రు గద."

"మీ తర్వాత కూసున్నోళ్ళందరికి మంచిగ చెప్పిన మిషను మీ ఒక్కరికే కరాబైందా?"

"నువ్వు నోరు మూస్తే కండ్లు వాటంతటవే బాగైతయ్."

ఖమ్మంలో ఆ డాక్టరమ్మ ఆసుపత్రికి తీసుకుపోవడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. అక్కడ గోడమీది అక్షరాలు కింది వరస దాకా గడగడా చదివేశాడు. నా వైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేశాడు. డాక్టరమ్మ ఆయన కుడి కన్ను మూసి మళ్ళీ చదవమంది. పైన రెండు వరసల దగ్గరే ఆగిపోయాడు. తర్వాత ఎడమ కన్ను మూసి చేతికి చిన్నక్షరాల కాగితం ఇచ్చింది. పుస్తకం పురుగులా అక్షరాలు మింగే మనిషి, కాగితాన్ని దగ్గరికి తెచ్చి, దూరం జరిపి, ముఖం చిట్లించి, "అచ్చు సక్కగ లేదు మేడం" అన్నాడు.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఈయన రెండు కళ్ళూ ఒకలాంటివి కావు. కుడిది దూరం చూసే కన్ను. ఎడమ కనుగుడ్డు కొంచెం పొడుగు, అందుకని దానికి పుట్టుకతోనో చిన్నతనం నుంచో దూరం ఆనదు, దగ్గర మాత్రం శుభ్రంగా ఆనుతుంది. అందరికీ నలభై దాటాక కంట్లో కటకం బిరుసెక్కి, ఉబ్బాల్సినప్పుడు ఉబ్బక, దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. ఈయన కటకమూ అలాగే బిరుసెక్కింది. కానీ ఎడమ కంటికి ఆ కష్టం తెలియలేదు, దాని చూపు ఎప్పుడూ దగ్గరే గనక. రోడ్డు మీద కుడికన్ను, పుస్తకం మీద ఎడమకన్ను. ఏది ఎప్పుడు పనిచేయాలో మెదడు లోపల్లోపలే సర్దుబాటు చేసుకుంటూ వచ్చింది. యజమానికి ఒక్క మాట చెప్పలేదు. దేవుడిచ్చిన చూపు అని ఊరంతా పొగిడింది ఈ సర్దుబాటునే.

తర్వాత ఇంకో పరీక్ష. తెల్లటి గిన్నె లాంటి మిషనులో తల పెట్టి, మధ్యలో చుక్కనే చూస్తూ, చుట్టూ ఎక్కడ లైటు మెరిసినా చేతిలో మీట నొక్కాలి. బయటికి వచ్చి విసుక్కున్నాడు.

"ఏం మిషనో ఏమో. లైట్లు ఒకసారి ఎలుగుతయ్, మస్తుసేపు ఎలగనే ఎలగవు. ఊకె కూసోవెట్టిండ్రు."

లైట్లు ఆగకుండా వెలుగుతూనే ఉన్నాయి. డాక్టరమ్మ తెర మీద చూపించింది. కుడి కంటి గుండ్రంలో అంచుల వెంట బూడిద రంగు. ఎడమ కంటి గుండ్రమంతా నలుపు, నడిమధ్యన చిన్న తెల్లటి కన్నం. ఆ కన్నంలోంచే ఈయన వాక్యం చదువుతున్నాడు.

నీటికాసులు అంటారు ఈ జబ్బును. నా పాఠంలో దీనికి ఒక వాక్యమే ఉంటుంది. కంటి లోపల ముందు గదిలో నీరు ఊరుతూ ఉంటుంది, పక్కనున్న సన్నటి దారిలోంచి బయటికి పోతూ ఉంటుంది. కార్నియాకు, కటకానికి రక్తనాళాలు ఉండవు, ఉంటే వెలుతురికి అడ్డం. అందుకని ఆ నీరే వాటికి తిండి. పోయే దారి పూడుకుంటే నీటి బరువు కనుగుడ్డు మొత్తం మీద పడుతుంది. అన్నిటికంటే మెత్తనిది వెనకాల నాడి బయటికి పోయే చోటు. రెటీనా నలుమూలల నుంచి వచ్చిన పోగులన్నీ అక్కడ ఒక్క తాడుగా పేనుకుని మెదడు వైపు పోతాయి. బరువుకు పోగులు ఒక్కొక్కటే చస్తాయి. అంచు చూపు తెచ్చే పోగులు ముందు పోతాయి, అక్షరాలు చదివే మధ్యభాగానివి ఆఖర్న పోతాయి. కాబట్టి కార్నియా అద్దంలా ఉంటుంది, కటకం బాగుంటుంది, అక్షరాల గోడ దగ్గర మార్కులు పడతాయి. మనిషి మాత్రం గుడ్డివాడవుతూ ఉంటాడు.

డాక్టరమ్మ రెండే మాటలు చెప్పింది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలవాలంటే పొద్దున, రాత్రి చుక్కలు బతికినన్నాళ్ళూ వేసుకోవాలి. "బండి నడపకండి సార్" అని మూడోది కూడా చెప్పింది గానీ, అప్పటికి ఈయన లేచి తలుపు దగ్గరికి పోయాడు.

ఇంటికొచ్చి ఆయన భాషలోనే చెప్పాను. "కాల్వల ఆఫీసుల పన్జేస్తరు గద. చెరువులకు నీళ్ళు వచ్చుడు వస్తనే ఉన్నయ్, తూము పూడిపోయింది. కట్ట మీద బరువు పడ్తదా పడదా?"

"పడ్తది."

"గదే మీ కంట్ల అయితున్నది."

"తూము పూడితే పూడిక తీస్తరు. మందు చుక్కలు పొయ్యరు."

ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన నేను, వచ్చే నీటిని తగ్గించే మందది అని చెప్పేలోగా ఆయన టీవీ పెట్టుకున్నాడు.

అయినా కొన్నాళ్ళు వేసుకున్నాడు. వేసుకున్న ప్రతిసారీ ఒక పంచాయితీ. మంట. ఎరుపు. పైగా, "కంట్ల ఏస్తే గొంతుల చేదు వస్తది, ఇదేం మందే?" కంటి మూల నుంచి ముక్కులోకి సన్నటి గొట్టం ఉంటుంది, మందు అందులోంచి గొంతులోకి దిగుతుంది, అందుకే చుక్క వేయగానే మూల దగ్గర వేలితో అదిమి పట్టుకోవాలి, ఏడ్చినప్పుడు ముక్కు కారేదీ అందుకే అని చెప్పాను. "కన్ను సంగతి అడిగితే ముక్కు సంగతి చెప్తది. గిట్లనే పాస్ చేయించినవా పిల్లల్ని?" అన్నాడు.

ఆయన అసలు ఫిర్యాదు వేరు. మా చర్చిలో శుక్లం ఆపరేషన్ అయిన పెద్దాయన ఒకరున్నారు. పట్టీ విప్పగానే గోడమీది బల్లి కనపడిందట ఆయనకు. ఈ చుక్కలు వేసుకుంటే ఏ బల్లీ కొత్తగా కనపడలేదు. వేసుకున్నా అంతే, వేసుకోకున్నా అంతే. ఉన్నది ఉన్నట్టు నిలబడటమే ఈ మందు పని అంటే, అది కూడా ఒక పనేనా అంటాడు.

ఇంతవరకూ మామూలు మొగుడూ పెళ్ళాల పోరు. మందులు మానే మగవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. మా ఇంట్లో సంగతి అంతకన్నా ముదిరింది. కారణం సాక్ష్యం.

చర్చికి రానివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆదివారం పాటలయ్యాక, ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి నిలబడి చెప్పవచ్చు. జ్వరం తగ్గింది, పిల్లాడికి ఉద్యోగం వచ్చింది, అమ్మాయి కాన్పు సుఖంగా అయింది. చెప్పినవాళ్ళ కోసం అందరూ స్తోత్రం అంటారు. చెప్పిన మాట దేవుని ముందు చెప్పినట్టే. కోర్టులోనన్నా మాట మార్చవచ్చు గానీ ఇక్కడ మార్చకూడదు.

ఒక ఆదివారం మా ఆయన లేచాడు. భద్రాచలం శిబిరం, గాలి మిషను, గిన్నె మిషను అన్నీ వర్ణించాడు. "డాక్టర్లు నా ఎడమకన్ను పోయిందన్నరు. బతికినన్ని దినాలు మందు ఎయ్యాలన్నరు. నా దేవుడు ఏమన్నడో మీరే చూడండి!" అని ఎడమ కన్ను మాత్రమే తెరిచి, బైబిల్లో పేజీ అడుగున ఉండే చీమ తలకాయంత అక్షరాలు చదివాడు. ఆడవాళ్ళ వైపు నుంచి కూడా స్తోత్రాలు లేచాయి. నేను పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. మధ్యలో మిగిలిన ఆ కన్నంలోంచే చదివాడని ఆ హాల్లో నాకు ఒక్కదానికే తెలుసు.

ఆ రోజు నుంచి చుక్కల సీసా ఫ్రిజ్ తలుపులోంచి కదల్లేదు.

"మందు ఏసుకోండి."

"సాక్ష్యం చెప్పిన్నే."

"చెప్తే?"

"చెప్పి ఇంటికొచ్చి మందు ఏసుకుంటే నేను అబద్ధం చెప్పినట్టు గాదా? సంఘం ముంగట ఒకటి, ఇంట్ల ఒకటా?"

మొండితనమైతే విరవచ్చు. ఇది నిజాయితీ. నిజాయితీపరుడైన మూర్ఖుడితో కాపురం చేసినవాళ్ళకే తెలుస్తుంది నా బాధ. దొంగ మొగుడైతే దొంగచాటుగానైనా మందు వేసుకునేవాడు.

నెలలు గడిచాయి. అన్నం పళ్ళెం పక్కన పెట్టిన నీళ్ళ గ్లాసు చేయి తగిలి దొర్లేది. "మధ్యల ఎందుకు పెట్టినవ్?" గడప తన్నుకునేవాడు. "ఈ గడప ఎత్తు కట్టిండు మేస్త్రి." వీధిలో ఎవరో పక్క నుంచి నమస్తే పెట్టినా చూడకుండా పోయేవాడు. సారుకు ఈమధ్య పొగరెక్కిందని వాళ్ళు, ఎవరూ పలకరించడం లేదని ఈయన. ప్రతిదానికీ తప్పు ఎవరిదో ఒకరిది, తన కళ్ళది తప్ప.

ఒక శనివారం అడవి పల్లెలో ప్రార్థన కూటానికి బండి మీద బయల్దేరాం. బస్సులో పోదామని ముందు రోజంతా పోరాడి ఓడిపోయాను. ఏన్కూరు దాటాక రోడ్డు పక్కన మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మా వైపు కళ్ళాల్లో చోటు చాలక తారు రోడ్డు అంచున పట్టాలు పరిచి పోయడం మామూలే. ఎర్రటి ఎరుపు, ఆమడ దూరం నుంచి కనపడే ఎరుపు. ఈయన బండిని తిన్నగా తీసుకుపోయి ఎడమ వైపు పట్టా మీదికి ఎక్కించాడు. బ్రేకు వేసేసరికి రాశి నడుమ ఉన్నాం. ఘాటు ముక్కుల్లోకి, గొంతుల్లోకి ఎక్కింది. నేను తుమ్ముతూనే దిగాను.

కాయలకు కావలి కూర్చున్న ఆమె చీపురుతో పరిగెత్తుకొచ్చింది. "ఓ సారూ! కండ్లు నెత్తికెక్కినయా? గింత ఎర్రగ కనవడ్తలేవా?"

"రోడ్డు మీద పోస్తే ఏం జెయ్యాలె?"

"రోడ్డు గింత ఎడల్పున్నది, నీకు నా కాయలే దొరికినయా తొక్కనీకి? బస్సులు తొక్కలే, లారీలు తొక్కలే, నువ్వు తొక్కినవ్!"

నేను ఆవిడ పక్షాన చేరాను. "బాగ అడిగినవ్ అక్కా, ఇంకో రెండు అడుగు" అన్నాను. ఆవిడకు కోపం పోయి జాలి కలిగింది, నా మీద. కాయలు ఎత్తి పోయడానికి సాయం చేశాను. ఈయన దూరంగా నిలబడి పట్టా వైపు అదేపనిగా చూస్తున్నాడు.  మిగతా దారంతా బండి మళ్ళీ తనే నడిపాడు.

మర్నాడు సాయంత్రం నేను పాస్టరు గారింటికి వెళ్ళాను. మేమంతా ఆయన్ని అయ్యగారు అంటాం. మంచి మనిషి, వాదనకు భయపడతాడు, ముఖ్యంగా నాతో.

"అయ్యగారూ, మందులు మానమని ఎప్పుడన్న చెప్పిండ్రా?"

"అయ్యో, లేదమ్మా! ఎందుకు చెప్తాను?"

"మీకు షుగరున్నది గద. గోలీ ఏసుకునే ప్రసంగం చెప్పనీకి పుల్పిట్ ఎక్కుతరు గద ఆదివారం."

లోపలి నుంచి వాళ్ళావిడ, "ఏసుకోకుంటే నేనూకుంటనా?" అంది.

"మరి మా ఆయనకు చెప్పండి. మీ మాట ఇంటడు."

 "చెప్తానమ్మా. కానీ సాక్ష్యం ఆయన హృదయంలోంచి చెప్పిండు. అది తప్పని నేనెట్ల అనాలె? అందరూ స్తోత్రం అన్నరు. నేను గూడ అన్న."

"అంటే మీ అందరి స్తోత్రానికి ఆయన కన్ను బలియ్యాలనా?"

"గట్లంటవేందమ్మా..."

వాళ్ళావిడ టీ కప్పు నా చేతిలో పెట్టి మెల్లగా అంది, "ఆయన చెప్తే గూడ ఇనడమ్మా నీ పెనిమిటి. మొన్న నేనే అడిగిన, మందు ఏసుకుంటున్నవా తమ్మీ అని. నేను అబద్ధమాడలే అక్కా, నాకు అంత మంచిగనే కనవడ్తుంది, ఎక్కడ నలుపు లేదు అన్నడు."

తాగుతున్న టీ అక్కడే ఆపాను. ఇన్ని నెలలు నేను కొట్టింది వేరే తలుపు. ఈయనకు మందు మీద కోపం కాదు, నా మీద కోపం కాదు. డాక్టరు నలుపు చూపించింది. ఈయన ఎంత చూసినా నలుపు కనపడలేదు. కనపడని నలుపును ఎలా ఒప్పుకుంటాడు?

ఇంటికి రాగానే బల్ల మీద తెల్ల దుప్పటి పరిచాను. దాని మీద రెండు చింతగింజలు పక్కపక్కన, బెత్తెడు ఎడంగా పెట్టాను.

"ఇటు రాండ్రి."

"ఏంది, వామనగుంటలా?"

"మీ మంచికన్నుతోనే ఆట. ఎడమది మూయుండ్రి. కుడికన్నుతో ఎడమ గింజనే చూడాలె, పక్కకు చూడొద్దు. చూసుకుంట జర జర వంగుండ్రి."

విసుక్కుంటూనే వంగాడు. మసకగానైనా రెండూ కనపడుతున్నాయి అన్నాడు. ఇంకా వంగమన్నాను. ముఖం బల్లకు ఒకటిన్నర జానల దూరానికి వచ్చేసరికి ఆగిపోయాడు.

"ఏది? రెండోది ఏది?"

"ఎటు పోతది, ఆడనే ఉన్నది."

"లేదు. నువ్వు తీసినవ్." కన్ను తెరిచి చూశాడు. గింజ అక్కడే ఉంది. మళ్ళీ మూసి వంగాడు. లేదు. కొంచెం వెనక్కి జరిగాడు. ఉంది.

"ఆ జాగల ఏం కనవడ్తుంది? నలుపా?"

"కాదు." చాలాసేపు చూశాడు. "దుప్పటి. తెల్లగ దుప్పటే కనవడ్తుంది."

అప్పుడు చెప్పాను. పోగులన్నీ తాడుగా పేనుకుని బయటికి పోయే ఆ చోట రెటీనా ఉండదు. దాన్ని అంధచుక్క అంటారు. అక్కడ పడ్డ బొమ్మను చూసేవాడే లేడు. అది అందరి కంట్లోనూ ఉంటుంది, పుట్టిన్నాటి నుంచి. అయినా ఎవరికీ లోకంలో కన్నం కనపడదు. ఒక కంటి లోటును రెండో కన్ను కప్పుతుంది. అదీ కుదరకపోతే చుట్టూ ఏముందో చూసి మెదడు ఆ ముక్కను తనే నేసి అతికేస్తుంది. చుట్టూ దుప్పటి ఉంటే దుప్పటి నేస్తుంది.

"అందరికి ఉంటదా ఇది? నీకు?"

"నాకు. అయ్యగారికి. మిరపకాయలామెకు."

మళ్ళీ వంగాడు. గింజను మాయం చేశాడు, తెప్పించాడు, మాయం చేశాడు. తర్వాత నిటారుగా కూర్చుని, నా వైపు చూడకుండా అన్నాడు, "ఆ మిరపకాయల జాగల నాకు రోడ్డు కనవడ్డది."

"అవునా?"

"అవ్. సాఫ్ రోడ్డు. నల్లగ, తారు రోడ్డు. కాయలున్నయని తెల్వనే లేదు. ఆమె ఒర్రినంకనే కనవడ్డయ్."

నేను గింజలు రెండూ ఏరి గుప్పిట్లో పట్టుకున్నాను.  ఆయనే అన్నాడు, "అయితే నేను అబద్ధం చెప్పలే."

"చెప్పలే. మీ మెదడు మీకు చెప్పింది. మీరు మాకు చెప్పిండ్రు."

ఆ వారమే మళ్ళీ ఆసుపత్రికి పోయాం. ఎడమ గుండ్రంలో తెల్లటి కన్నం ఇంకా చిన్నదైంది. మందు మానిన నెలల్లో పోయింది పోయినట్టే. చుక్కలతో ప్రెషర్ దిగకపోతే నీరు పోవడానికి ఆపరేషన్ చేసి పక్కదారి పెట్టాలంది డాక్టరమ్మ. ఎడమది పూర్తిగా పోతే దూరం చూసే కన్ను మిగులుతుంది, చదవడానికి అందరిలాగే అద్దాలు పెట్టుకోవాలి, అది కూడా కుడిదాన్ని కాపాడుకుంటేనే. ఈయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. బయటికి వచ్చాక నేను మాత్రం అరిచాను. మెట్ల మీద, అందరి ముందు. ఏడాది కింద వినివుంటే ఆ ముక్క మిగిలేది కదా అని. నాకు జాలి కలగలేదు, కోపమే వచ్చింది. ఇప్పటికీ అదే వస్తుంది.

చుక్కలు మొదలుపెట్టాడు. ఎలా? స్నానాల గది తలుపు గడియ పెట్టుకుని. సగం మందు కంట్లో, సగం చెంప మీద. చర్చివాళ్ళెవరైనా ఇంటికి వస్తే సీసా దిండు కిందికి పోయేది. ఆదివారం లేచి వాక్యం చదివేవాడు, ఏం కండ్లయ్యా నీవి అని వాళ్ళు అనేవాళ్ళు, ఈయన నేల చూపులు చూసేవాడు. ఇప్పుడు నిజంగానే సంఘం ముందు ఒకటి, ఇంట్లో ఒకటి అయింది. ఆ సంగతి ఎత్తిచూపితే, "నీకు మందు ఏసుకుంటె చాలు గద, ఇంకేం గావాలె" అనేవాడు.

ఒక ఆదివారం కరెంటు లేక, నీళ్ళెక్కక, ఇంట్లో అంతా ఆలస్యమైంది. షేర్ ఆటో దిగి చర్చి గేటు దాటాక గుర్తొచ్చింది, పొద్దుటి చుక్క పడలేదు. సీసా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. తీశాను. ముందు రేకుల పంచన జనం చెప్పులు విడుస్తున్నారు.

"ఇంటికి పోయినంక" అన్నాడు గొంతు తగ్గించి.

"పోయేసరికి మధ్యాహ్నం అయితది. చాటుకు పోదాం పాండ్రి."

శుక్లం ఆపరేషన్ పెద్దాయన మా వెనకే ఉన్నాడు. "ఏందది అమ్మా, మందా? ఎవరికి?"

 మా ఆయన నా చేతిలో సీసా వైపు చూశాడు. అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, కూర్చుని, ముఖం పైకెత్తాడు.

"ఎయ్యి."

మొదటి చుక్క చెంప మీద పడింది. రెండోది కంట్లో పడింది. ఆయన కళ్ళు మూసుకుని, మూలల దగ్గర రెండు వేళ్ళతో అదిమి పట్టుకున్నాడు. అలాగే, కళ్ళు మూసుకునే పెద్దాయనతో అన్నాడు, "నాకే. నీటికాసులంట. ఎడమకన్ను మస్తు పోయింది. నాకు ఎర్కలే."

"అదేందయ్యా! చదువుతవ్ గద!"

"ఆ చదివే కన్నే."

చెప్పులు విడుస్తున్నవాళ్ళు చుట్టూ చేరారు. ఒకామె, "మరి ఆనాడు సాక్ష్యం..." అని మొదలుపెట్టింది. ఎవరో ఆమె చేయి గిల్లారు. ఈయన కుర్చీలో కదల్లేదు. "నాకు ఎట్ల కనవడ్డదో గట్లనే చెప్పిన్నక్కా. అంత కనవడ్తుందనే అనుకున్న. మీ ఇంట్ల పెద్దోళ్ళకు ఎవరికన్న ఉంటే ఆ గాలి మిషను కాడికి తోల్కపోండి" అన్నాడు. లోపల మొదటి పాట మొదలైంది. మేము ఇంకా బయటే ఉన్నాం, కళ్ళు తెరవొద్దని నేను, ఆలస్యమైతుందని ఆయన.

వాక్యం ఆయనే చదివాడు. పుస్తకం ఎప్పట్లాగే ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. కానీ ఒక వరస అయ్యి రెండో వరస మొదలుకు రావడానికి ఎడమ చేతి వేలు పెట్టుకున్నాడు, ఒకటో తరగతి పిల్లవాడిలా. పేజీ అంచు ఆయనకు దొరకడం లేదు. ఎన్నాళ్ళ నుంచి దొరకడం లేదో, ఎన్నాళ్ళు కంఠతా వచ్చిన వాక్యాలతో నెట్టుకొచ్చాడో నాకు తెలియదు. రెండు చోట్ల ఆగాడు. ఎవరూ దగ్గలేదు.

ఆరాధన అయ్యాక కుర్రవాడొకడు వచ్చి, "అయినా అద్దాల్లేకుండనే చదివిండ్రు గదా అంకుల్!" అన్నాడు.

"వేలు చూళ్ళేదా తమ్మీ?" అన్నాడు ఈయన.

ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాం. మందు వేసుకున్నాడు కాబట్టి గొంతు చేదుగా ఉందట, టీ తాగుదామన్నాడు. తాగాం. వచ్చే శనివారం అడవి పల్లె కూటం ఉందని, పొద్దున్నే బండి తీయాలని, టీ తాగుతూ చాలా మామూలుగా అన్నాడు. బండి తాళం అప్పటికే నా హ్యాండ్‌బ్యాగు అడుగున ఉంది. ఆ మాట ఇంకా ఆయనకు చెప్పలేదు. ఆ దారిన పోయే భద్రాచలం బస్సు ఎన్నింటికో కనుక్కుని చెబుదామని గ్లాసు కింద పెట్టాను.